ఏటీఆర్ విమానంలో పెద్దవాళ్లను పంపిస్తున్నాను, ముందే ఏమేం తెలుసుకోవాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలను డాలస్‌లో ఉన్న అక్క దగ్గరకు పంపించాలి. హైదరాబాద్ నుంచి రాత్రి విమానం. రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్ వరకు నాకు అనువైన వేళలో దొరికింది ఏటీఆర్ అనే చిన్న పంకా విమానం ఒక్కటే. నాన్నకు 74, అమ్మకు 70. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. పెద్ద విమానాలు ఇద్దరికీ అలవాటే గానీ రెక్కల కింద పంకాలు తిరిగే విమానం ఎప్పుడూ ఎక్కలేదు. నాన్న అయితే "అది పాతకాలపు బండి కదా, మబ్బుల్లో తట్టుకుంటుందా" అని రోజూ అడుగుతున్నారు.

మెట్లు ఎన్ని ఉంటాయి, కుదుపులు ఎలా ఉంటాయి, సామాను సంగతి ఏమిటి, ఏ సీట్లు తీసుకోవాలి? తరచూ వెళ్లేవారు చెబితే నాన్నకు చదివి వినిపిస్తాను.

మధురపూడి_మలుపు

నేను ఈ దారిలో తరచూ వెళ్తుంటాను. ముందుగా సీట్ల సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే డబ్బు వృథా చేస్తారు. ఏటీఆర్‌లో ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది. ముందు భాగంలో, పైలట్ల గదికీ మనకూ మధ్య, సామాను గది ఉంటుంది. అంటే మొదటి వరుసలో కూర్చున్నవారు అందరికంటే చివర దిగుతారు. త్వరగా దిగవచ్చని అదనంగా డబ్బు కట్టి ముందు సీటు తీసుకోవడంలో అర్థం లేదు. మీ అమ్మగారికి వెనక వరుసలే మంచివి. నడక తక్కువ, చప్పుడు తక్కువ, మరుగుదొడ్డి కూడా వెనకే. అది ఒక్కటే ఉంటుంది.

సీట్లు అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనేది లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, మూడో మనిషి ఉండరు. పెద్ద వయసు దంపతులకు ఇంతకంటే సౌకర్యం లేదని నా అభిప్రాయం.

తలపైన సామాను అర చిన్నది. మామూలు విమానంలో పైన పెట్టుకునే చక్రాల పెట్టె ఇందులో పట్టకపోవచ్చు. అప్పుడు మెట్ల దగ్గరే చీటీ కట్టి కింద సామానుతో వేస్తారు. కాబట్టి మందులు, పాస్‌పోర్టులు, బంగారం, ఫోను చార్జరు అన్నీ భుజానికి తగిలించుకునే సంచిలో విడిగా పెట్టించండి. పెట్టె చేతి నుంచి వెళ్లిపోయే క్షణంలో దాన్ని తెరిచి వెతుక్కోవడం పెద్దవాళ్లకు చాలా కంగారు పుట్టిస్తుంది.

ప్రాట్‌విట్నీ127

మీ నాన్నగారి మాటకు జవాబు. నేను విమాన మరమ్మతు రంగంలో పనిచేస్తాను.

పంకా కనిపించగానే పాతది అనుకోవడం సహజం. కానీ దాన్ని తిప్పేది జెట్ విమానంలో ఉండేలాంటి టర్బైన్ ఇంజనే. జెట్‌లో వేడి గాలి వెనక్కి దూసుకుపోయి విమానాన్ని తోస్తుంది. ఇక్కడ ఆ శక్తిలో చాలా భాగం గేర్ల ద్వారా ప్రొపెల్లర్‌కు చేరుతుంది. తక్కువ దూరాలకు, తక్కువ ఎత్తులో, ఇదే పొదుపైన పద్ధతి. ఏటీఆర్ సంస్థ ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంది, ఎయిర్‌బస్, ఇటలీకి చెందిన లియొనార్డో కలిసి నడుపుతున్నాయి. మన దగ్గర ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72-600 రకం. ఇండిగోలో 78 సీట్లు, అలయన్స్ ఎయిర్‌లో 70. దాని పైలట్ల గదిలో అంతా తెరలే, పాత గుండ్రటి గడియారాలు కావు. ఇవి ఇప్పటికీ కొత్తగా తయారై వస్తున్నవే.

వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. జెట్ 800 దాటుతుంది. రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్‌కు ఆ తేడా పదిపదిహేను నిమిషాలకు మించదు.

ఇంకొకటి. ఈ విమానాల్లో 80కి లోపే సీట్లు ఎందుకు పెడతారో చాలామందికి తెలియదు. 80 కంటే తక్కువ సీట్లున్న దేశీయ విమానాలకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో దిగినందుకు రుసుము ఉండదు. 40 టన్నుల లోపు బరువున్న విమానాల ఇంధనంపై పన్ను కూడా తక్కువ. నిండా ఎక్కించినా ఏటీఆర్ 72 బరువు 23 టన్నులే. చిన్న ఊళ్లకు విమానం రావడం వెనక ఈ లెక్కలు కూడా ఉన్నాయి.

నల్లమల_నీడ

నాకు మొదటిసారి అన్నిటికంటే భయం వేసింది చప్పుడు మారినప్పుడు. నేల నుంచి లేచి కాస్త పైకి వెళ్లగానే హోరు ఒక్కసారిగా తగ్గింది. ఇంజన్ ఆగిందేమో అనుకుని పక్కాయన చెయ్యి పట్టుకున్నాను. పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఎందుకు అలా అవుతుందో ఇంజనీరు గారు చెప్పాలి.

ప్రాట్‌విట్నీ127

మంచి ప్రశ్న. నేల నుంచి లేచేటప్పుడు ప్రొపెల్లర్ నూటికి నూరు శాతం వేగంతో తిరుగుతుంది. లేచాక దాన్ని 82 శాతానికి తగ్గిస్తారు. ప్రొపెల్లర్‌కు ఉన్న ఆరు రెక్కలూ కోణం మార్చుకుని, తక్కువ చుట్లతోనే ఎక్కువ గాలిని పట్టుకుంటాయి. చప్పుడు స్థాయి దిగుతుంది, వణుకు తగ్గుతుంది. అది ఆగడం కాదు, పైలట్ అనుకుని చేసే మార్పే. ప్రతిసారీ అలాగే ఉంటుంది.

దిగేటప్పుడు ఇందుకు భిన్నం. చక్రాలు నేలను తాకగానే ప్రొపెల్లర్ రెక్కలు ఎదురు కోణంలోకి తిరిగి గాలిని ముందుకు నెడతాయి, పెద్ద హోరు వస్తుంది. అది బ్రేకు వేయడమే. చిన్న రన్‌వేల మీద ఈ విమానాలు ఆగగలిగేది అందువల్లే.

ఎక్కేటప్పుడు ఇంకో దృశ్యం కలవరపెట్టవచ్చు. కుడివైపు ఇంజన్ నడుస్తూ ఉంటుంది, దాని పంకా మాత్రం కదలదు. ఏటీఆర్‌లో విడిగా చిన్న సహాయక ఇంజన్ ఉండదు. బదులుగా కుడి ప్రొపెల్లర్‌ను బ్రేకు వేసి ఆపి, ఆ ఇంజన్‌తోనే లోపలికి కరెంటు, చల్లగాలి ఇస్తారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. గాలి వెనక నుంచి వీస్తే కిరోసిన్ వాసన కొద్దిగా వస్తుంది. కొన్ని చోట్ల ఆ ఇంజన్ కూడా ఆపేసి బయటి కరెంటు పెడతారు, అప్పుడు మే నెలలో లోపల ఉక్కపోత తప్పదు. ఒక విసనకర్ర లేదా కనీసం ఒక పత్రిక చేతిలో ఉండాలి.

కంచరపాలెం_కబుర్లు

అన్నీ బాగున్నాయని చెబితే సరిపోదు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో కూలింది ఏటీఆర్ 72. అందులో 72 మంది పోయారు. 2024 ఆగస్టు 9న బ్రెజిల్‌లో పడింది కూడా అదే, 62 మంది. ఆ వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ ఈ విమానమంటే వద్దంటున్నారు. వాళ్లకు ఏమని చెప్పాలి?

ప్రాట్‌విట్నీ127

మీ ఇంట్లోవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ రెండూ జరిగినవే, ఆ కుటుంబాల దుఃఖం నిజమైనదే. కాబట్టి కారణాలను విడివిడిగా చూద్దాం.

పోఖరాలో ఫ్లాప్స్‌ను, అంటే రెక్క వెనక అంచున దించే పలకలను, కదిపే లీవరుకు బదులు ప్రొపెల్లర్లను అదుపుచేసే లీవర్లు కదిపారని, దాంతో రెండు పంకాలూ గాలిని నెట్టడం మానేశాయని నేపాల్ దర్యాప్తు తేల్చింది. అంటే విమానం విరిగిపోలేదు. కొత్త విమానాశ్రయం, కొత్త దారి, పని ఒత్తిడి, శిక్షణలో లోపం కలిశాయి. బ్రెజిల్ విమానం మంచు పేరుకునే వాతావరణంలో ప్రయాణించిందని ప్రాథమిక నివేదిక చెప్పింది. మంచు ఈ రకానికి పాత శత్రువు. 1994లో అమెరికాలోని ఇండియానాలో రోజ్‌లాన్ దగ్గర 68 మంది చనిపోయింది కూడా మంచు వల్లే. ఆ తర్వాత రెక్క అంచున ఉండే రబ్బరు పట్టీలను వెడల్పు చేశారు. గాలి నింపితే అవి ఉబ్బి, పేరుకున్న మంచును పగలగొడతాయి. కిటికీలోంచి చూస్తే రెక్క ముందు అంచున నల్లగా కనిపించేవి అవే. మన దగ్గర కూడా 16, 17 వేల అడుగుల పైన మబ్బుల్లో మంచు ఉంటుంది. కాబట్టి పైలట్లకు ఆ శిక్షణ ఇక్కడా తప్పనిసరి.

నా తల్లిదండ్రులను నేను ఇందులో పంపుతాను. ఈ రంగంలో ఉండి, లోపల ఏం తనిఖీ చేస్తారో చూస్తూ చెబుతున్న మాట ఇది.

ఓర్వకల్లు_రాళ్లు

భయాల సంగతి అలా ఉంచితే, మాలాంటి ఊళ్లకు ఈ విమానమే ఆధారం. కర్నూలు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. రన్‌వే 2 కిలోమీటర్లు. బెంగళూరు, చెన్నై, విశాఖలకు అప్పట్లో మొదలైనవన్నీ ఏటీఆర్‌లే. కర్నూలు నుంచి విశాఖకు రోడ్డు మీద ఎంత దూరమో వెళ్లినవారికే తెలుసు. రాష్ట్రంలో ఈ చివర ఉన్నవాడికి ఆ చివర పని పడితే రాత్రంతా బస్సులో కూర్చోవాలి.

అందుకే నాకు కోపం వచ్చేది విమానం చిన్నదని కాదు, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు తీసేస్తారో తెలియదని. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం మొదలైనప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలకు కూడా ప్రధానమంత్రి జెండా ఊపారు. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అన్నారు. కడపకు నడిపింది హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్. ఆ సంస్థ 2022లో ఆగిపోయింది. పథకం కింద ఒక మార్గానికి ఇచ్చే సాయం మూడేళ్లే. ఆ గడువు అయ్యాక సీట్లు నిండకపోతే విమానం వెళ్లిపోతుంది. జనానికి అలవాటు కావడానికే రెండేళ్లు పడుతుంది కదా! మనం టికెట్టు కొనేముందు ఆ దారిలో రోజూ ఉందా, వారానికి మూడు రోజులే ఉందా, తిరుగు ప్రయాణం నాటికి ఉంటుందా అని చూసుకోవలసి వస్తోంది.

వాయుదూత్_రోజులు

ఓర్వకల్లు గారు చెప్పింది కొత్త కథ కాదు. 1981లో వాయుదూత్ అని ప్రభుత్వమే ఒక సంస్థ పెట్టింది. చిన్న ఊళ్లకు చిన్న విమానాలు అన్నదే అప్పటి మాట కూడా. వాళ్ల డోర్నియర్ 228 విమానం ఎక్కినవాళ్లు ఈ వేదికలో ఇంకా ఉండే ఉంటారు. దాంట్లో పందొమ్మిది మంది పడతారు. అది నష్టాలతో పోయింది. తర్వాత 2003లో ఎయిర్ డెక్కన్ ఏటీఆర్‌లతోనే మొదలైంది, అదీ పేరు మారి పోయింది. ప్రతి తరంలో ఒకరు వచ్చి చిన్న ఊళ్లను కలుపుతామంటారు, జనం నమ్ముతారు, కొన్నేళ్లకు బోర్డు తీసేస్తారు. ఈసారైనా నిలవాలని నా కోరిక. ఇండిగో 2017 డిసెంబరులో ఏటీఆర్‌లను హైదరాబాద్ నుంచే మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుపుతోంది. పెద్ద సంస్థ చేతిలో ఉంటేనే ఇవి బతుకుతాయేమో అనిపిస్తోంది.

మేడిపల్లి

గోదారిగట్టు గారూ, అసలు ప్రమాదం మీరు అడగనిచోట ఉంది. అదే రోజు రాత్రి విదేశీ విమానం అన్నారు. రెండు టికెట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా?

విడివిడిగా అయితే జాగ్రత్త. గత వర్షాకాలంలో ఇలాగే మా అత్తమామలను తీసుకొస్తుంటే మబ్బు పట్టి విమానం ఆలస్యమై, చివరికి రద్దు చేశారు. ఆ సంస్థ పేరు ఎందుకులెండి. కౌంటరులో ఉన్న అమ్మాయికి కూడా ఏమీ తెలియదు. మేము అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని శంషాబాద్ చేరేసరికి లోపలికి వెళ్లే గడువుకు అరగంటే మిగిలింది.

రద్దయితే డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా వేరే విమానం చూపించాలి. ఆరు గంటలు దాటి ఆలస్యమయ్యేలా ఉన్నా అదే నియమం. ఇంత చిన్న ప్రయాణానికి రెండు గంటల ఆలస్యం దాటితే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఇది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన, అడగండి. కానీ వాతావరణం వల్ల జరిగితే పరిహారం రాదు. విడి టికెట్టు మీద పోయిన డాలస్ విమానానికి ఎవరూ బాధ్యులు కారు. నా మాట వినండి, ముందు రోజే హైదరాబాద్ చేర్చండి.

మధురపూడి_మలుపు

మేడిపల్లి గారి అనుభవం బాధాకరమే, కానీ ప్రతి ఒక్కరూ ముందు రోజే రావాలంటే నేను ఒప్పుకోను. ఉదయం మొదటి విమానం తీసుకుంటే రాత్రి విమానానికి బోలెడంత సమయం ఉంటుంది. అది రద్దయినా వెనక ఇంకోటి ఉంటుంది, ఎయిర్‌బస్ విమానాలు కూడా ఇప్పుడు మధురపూడికి, అంటే మన రాజమహేంద్రవరం విమానాశ్రయానికి, వస్తున్నాయి, రన్‌వేను 3 కిలోమీటర్లు దాటేలా పొడిగించారు. సాయంత్రం విమానం పట్టుకుని అర్ధరాత్రి విదేశీ విమానం ఎక్కుతామంటే మాత్రం వద్దనే చెబుతాను.

ఉదయం అనడానికి ఇంకో కారణం కుదుపులు. ఏటీఆర్ 25 వేల అడుగులు దాటి ఎగరలేదు. ఇలాంటి చిన్న దూరాలకు ఇంకా కిందే ఉంటుంది. జెట్‌లాగా మబ్బు పైకి ఎక్కి తప్పించుకునే వీలు లేదు, పక్కనుంచి తిరిగి వెళ్లాలి. ఎండాకాలం మధ్యాహ్నం నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, అప్పుడు బాగా ఊగుతుంది. పొద్దున ఏడు గంటలకు అదే దారి చెరువు నీటిలా ఉంటుంది.

మేడిపల్లి

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పొద్దున కూడా నమ్మలేం. డిసెంబరు, జనవరిలో పొగమంచు పొద్దున్నే వస్తుంది. డెబ్బై దాటినవారిని ఉరుకులు పరుగులు పెట్టించడం నాకు ఇష్టం లేదు. విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ రాజమహేంద్రవరంలో ఆగుతుంది. ముందు రోజు దాంట్లో వచ్చి, రాత్రి కంటినిండా నిద్రపోయి, మర్నాడు తీరిగ్గా వెళ్తే పోయేదేముంది?

కొబ్బరితోట

సామాను గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అమెరికాకు చాలా సంస్థలు మనిషికి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తాయి. దేశీయ టికెట్టు మీద మామూలుగా 15 కిలోలే. విడి టికెట్లయితే ఇద్దరికీ కలిపి 92 కిలోల సామానుతో మధురపూడికి వెళ్తే 30 కిలోలు పోగా మిగిలినదానికి కిలోల లెక్కన కట్టాలి. అది టికెట్టు ధరను మించిపోతుంది. పైగా డబ్బు కట్టడానికి సిద్ధపడినా చిన్న విమానంలో బరువు మించితే కొన్ని పెట్టెలు తర్వాతి విమానానికి ఆపుతారు. రాత్రికి డాలస్ వెళ్లేవారికి అది కుదరదు. పెద్ద పెట్టెలను రెండు రోజుల ముందే బస్సు పార్సిల్‌లో గానీ, తెలిసినవారి కారులో గానీ హైదరాబాద్ పంపించండి. హైదరాబాద్‌లో దేశీయ, విదేశీ ప్రయాణాలు ఒకే టెర్మినల్ భవనంలో కాబట్టి అటు నుంచి ఇటు మారడం తేలికే, కానీ విడి టికెట్లయితే సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి.

కోనసీమ వాళ్లం కాబట్టి ఇంకో మాట. ఎండు కొబ్బరి విమానంలో ఎక్కడా పెట్టకూడదు. అందులో నూనె ఉంటుంది, మండే వస్తువుల కింద లెక్క. అక్కకు ఇష్టమని కురిడీలు కడితే తనిఖీలో పెట్టె తెరిపిస్తారు. పచ్చళ్లు చేతి సంచిలో వద్దు, అప్పగించే పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టండి.

క్రైస్ట్‌చర్చ్_తెలుగు

న్యూజిలాండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఏటీఆర్ అంటే ఎవరికీ వింత కాదు, చిన్న ఊళ్లన్నిటికీ అవే. 90 సీట్ల లోపు దేశీయ విమానాలకు భద్రతా తనిఖీ కూడా ఉండదు. నేరుగా వెళ్లి ఎక్కేయడమే. టొరంటో నగరం నడిబొడ్డున ఉన్న బిల్లీ బిషప్ విమానాశ్రయంలో జెట్‌లకు అనుమతి లేదు, మామూలుగా అక్కడ తిరిగే పెద్ద విమానాలు డ్యాష్ 8 అనే పంకా విమానాలే. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. డబ్బున్న దేశాల్లోనూ పంకా విమానం రోజువారీ ప్రయాణమే.

నల్లమల_నీడ

కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారో ఇంట్లోనే తేల్చుకోండి! ఏటీఆర్ రెక్క పైన ఉంటుంది, మీ కిటికీ కింద ఉంటుంది. కాబట్టి చూపుకు అడ్డం ఉండదు. ఎత్తు కూడా తక్కువ. మధురపూడి నుంచి లేచిన తర్వాత ఆకాశం తేటగా ఉంటే గోదావరి, లంకలు, ఇసుక మేటలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్య వరుసల్లో కూర్చుంటే దిగే ముందు చక్రం బయటికి వచ్చి నిలబడటం, నేలను తాకగానే రబ్బరు నుంచి పొగ లేవడం కళ్ల ముందే జరుగుతుంది. పిల్లలకు అయితే అది చాలు.

కంచరపాలెం_కబుర్లు

ఇంజనీరు గారి జవాబు ఇంట్లో చదివి వినిపించాను. ఇంకా ఒప్పుకోలేదు గానీ వింటున్నారు. ఇంతకీ విశాఖ నుంచి ఒడిశాలోని జయపురానికి తొమ్మిది మంది పట్టే విమానం నడిపారు కదా, అది కూడా ఏటీఆరేనా?

ప్రాట్‌విట్నీ127

కాదు. అది సెస్నా గ్రాండ్ కారవాన్, ఇండియావన్ ఎయిర్ వాళ్లది. ఒకే ఇంజన్, ఒకే పంకా. ఏటీఆర్ లోపల గాలి ఒత్తిడిని నిలబెడతారు, కారవాన్‌లో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి తక్కువ ఎత్తులోనే, తూర్పు కనుమల మీదుగా వెళ్తుంది. అందులో బరువు లెక్క ఇంకా గట్టిది, సంచితో పాటు మనిషిని కూడా తూకం వేస్తే నొచ్చుకోకండి. మనసులో ధైర్యం ఉంటే ఆ కొండల అందం చూడాల్సిందే.

గోదారిగట్టు

అందరికీ ధన్యవాదాలు. టికెట్లు విడివిడివే. మేడిపల్లి గారి మాట మీద ముందు రోజు ఉదయం ఏటీఆర్‌కు మార్చాను, పెద్ద పెట్టెలు నేను రైల్లో తీసుకెళ్తాను. కురిడీలు ఆపేశాం. నాన్న "మంచు పగలగొట్టే పట్టీలు" చూడాలని కిటికీ సీటు అడిగారు. అమ్మ మెట్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

మధురపూడి_మలుపు

విమానం తలుపుకే మడత మెట్లు ఉంటాయి. తలుపు కిందికి తెరుచుకుంటే అవే మెట్లు. పెద్ద విమానం నిచ్చెనలో సగం కూడా ఉండవు, కానీ ఇరుకు, కాస్త నిటారు. పక్కన పట్టుకోవడానికి తాడులాంటిదో కడ్డీయో ఉంటుంది. చాలాచోట్ల వాలుబాట తెచ్చి ఆనిస్తారు, దాని మీద నడిచే వెళ్లవచ్చు. అయితే అది ప్రతిచోటా, ప్రతి వేళా ఉంటుందని చెప్పలేను.

కాబట్టి టికెట్టు కొన్న వెంటనే సంస్థకు ఫోను చేసి చక్రాల కుర్చీ నమోదు చేయించండి. "మెట్లు ఎక్కలేరు" అని స్పష్టంగా చెప్పండి. నడవలేనివారికి, నడవగలిగినా మెట్లు ఎక్కలేనివారికి వేర్వేరు సంకేతాలు ఉంటాయి, టికెట్టులో సరైనదే పడిందో లేదో అడగండి. బయలుదేరే ముందు రోజు మళ్లీ ఒకసారి ఫోను చేయండి. అత్యవసర ద్వారం పక్క సీట్లు అమ్మగారికి ఇవ్వరు, అవి ఎంచుకోకండి.

విమానాశ్రయంలో దించేటప్పుడు ఇద్దరికీ ఒక్క మాట చెప్పండి. మైదానంలో నారింజ రంగు శంకువులు పెట్టిన దారిలోనే నడవాలి, ఫొటో కోసం రెక్క వైపు వెళ్లకూడదు. తిరుగుతున్న పంకా ఎండలో కంటికి సరిగా కనిపించదు. మీరు లోపలికి వెళ్లలేరు కాబట్టి నాన్నగారి చేతిలో చక్రాల కుర్చీ నమోదు కాగితం ముద్రించి పెట్టండి, ఫోనులో ఉంటే చూపించడం ఆయనకు ఆలస్యమవుతుంది.

గోదారిగట్టు

ఫోను చేశాను. మెట్లు ఎక్కలేరని నమోదు చేశారు. మధురపూడిలో వాలుబాట ఉందట, శంషాబాద్‌లో దిగేటప్పుడు కూడా కావాలని రెండో నమోదు విడిగా చేయించాను. వెనక వరుసలో రెండు సీట్లు దొరికాయి.